పుచ్చుకున్న చేయి, ఇచ్చిన చేయి: దక్షిణ తెలంగాణలో ఒక సేవా సమాఖ్య చరిత్ర

స్మారకోపన్యాసం సాధారణంగా ఒక మహనీయుని పేర ఏర్పడుతుంది. నేటి సభ మాత్రం చరిత్ర గ్రంథాలకు పేర్లెక్కని అనేకుల స్మృతికి అంకితమైనది. దళితవాడల్లో పిల్లలకు మొదటిసారి పలక పట్టించిన పంతుళ్లు, రాత్రివేళ లాంతరు వెలుగులో కాన్పులకు నడిచి వెళ్లిన నర్సులు, ఊరూరా కాలినడకన తిరిగి చదువూ ప్రార్థనా నేర్పిన బైబిలు స్త్రీలు ఆ అనేకులు. వారి పని ఏ ఆలోచన మీద నిలిచిందో, ఎంత దూరపు దేశాల కష్టసుఖాలతో ముడిపడి ఉందో పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

1963లో మెన్నొనైట్ క్రిస్టియన్ సర్వీస్ ఫెలోషిప్ ఆఫ్ ఇండియా అనే సమాఖ్య ఏర్పడింది. నేటి ఛత్తీస్‌గఢ్, బిహార్, ఒడిశా, బెంగాల్, తెలంగాణ ప్రాంతాల్లోని మెన్నొనైట్ సంఘాలు, వాటికి సన్నిహితమైన మరికొన్ని క్రైస్తవ సంఘాలు సమాజాభివృద్ధి, విపత్తు సహాయం, శాంతి అనే మూడు పనులను కలిసి చేయడానికి కట్టుకున్న వేదిక అది. వాటిలో సంఖ్యాబలం రీత్యా పెద్దది మహబూబ్‌నగర్ కేంద్రంగా పెరిగిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం. జనం నోట ఎం.బి. చర్చి. మెన్నొనైట్లు 1525లో జ్యూరిచ్ నగరంలో మొదలైన ఒక సంస్కరణోద్యమానికి వారసులు. శిశువులకు కాక, తెలిసి విశ్వసించిన పెద్దలకే బాప్తిస్మం ఇవ్వాలనీ, క్రీస్తును అనుసరించేవాడు కత్తి పట్టరాదనీ వారి నమ్మకం. 1536లో రోమన్ కథోలిక మతాచార్య పదవిని వదిలి ఆ ఉద్యమంలో చేరిన నెదర్లాండ్స్ దేశస్థుడు మెన్నో సైమన్స్ పేరే తరువాత వారి పేరయింది.

సేవాసంస్థల చరిత్రను సాధారణంగా దాతల చరిత్రగా రాస్తారు. డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎన్ని భవనాలు లేచాయి అన్నవే అందులో అధ్యాయాలవుతాయి. పాలమూరుగా పిలిచే మహబూబ్‌నగర్, నల్లగొండల అనుభవం ఈ పద్ధతి చాలదని చూపుతుంది. ఇక్కడి సేవాసంస్కృతి బలమంతా ఒకనాడు పుచ్చుకున్నవారు మరొకనాడు ఇచ్చేవారు కావడంలో ఉంది. ఈ మార్పిడి జరిగిన చోట సహాయం అభివృద్ధిగా మారింది, మనుషుల మధ్య శాంతికి చోటు దొరికింది. జరగని చోట భవనాలు మిగిలాయి.

నేల సంగతి ముందు చెప్పుకోవాలి. కృష్ణ, తుంగభద్ర నదులు ఈ ప్రాంతపు అంచులను ఒరుసుకొని పారతాయి. ఊళ్లు మాత్రం ఎత్తైన రాతినేలల మీద, ఎర్రని చెల్కల మీద ఉన్నాయి. నది కంటికి కనబడినా పొలానికి అందేది కాదు. అందుకే ఇక్కడి సేద్యం శతాబ్దాలపాటు చెరువులను, కుంటలను, మోట బావులను నమ్ముకొని బతికింది; వరుసగా రెండేళ్లు వాన తప్పితే చెరువు ఎండుతుంది, మూడో ఏడు పశువులు అమ్ముడుపోతాయి. నిజాం పాలనలో దీనికి వెట్టి తోడైంది. వెట్టి అంటే దొరకూ, గ్రామాధికారికీ, వచ్చిన ప్రతి ఉద్యోగికీ కూలి లేకుండా చేయవలసిన చాకిరీ. అప్పుకింద ఏళ్లతరబడి, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా, కట్టుబానిసగా పడి ఉండే పద్ధతిని భగేలా అన్నారు. ఈ నేలలో కరువు వాన లేకపోవడం వల్ల మొదలైనా, ఎవరి ఇంట్లో గింజ ఉంటుంది, ఎవరి ఇంట్లో ఉండదు అన్నది మాత్రం ఊరి కట్టుబాటు తేల్చేది.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కాల్చిన కరువును తెలుగువారు ఆ సంవత్సరం పేరుమీద ధాత కరువు అన్నారు. దాని కాలంలో ఒంగోలులో జరిగిన ఒక సంగతి ఈ చర్చకు ముఖ్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ సర్వే పనిలో అనుభవం ఉన్నవాడు కావడంతో, కరువు పనులకింద తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి కల్పించాడు. కరువు సహాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆపివేశాడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అధికులు మాదిగలు. మతాంతరీకరణపై ఎవరి అభిప్రాయం ఏదైనప్పటికీ, సహాయాన్ని షరతుగా మార్చరాదన్న ఆనాటి ఆ నిర్ణయం తెలుగునేలపై సేవాధర్మానికి ఒక గట్టి కొలబద్దను ఏర్పరచింది. ఆ కొలబద్దకు తరువాతివారందరూ నిలిచారని చెప్పలేము.

అదే తెలుగు బాప్టిస్టు మిషన్ నిజాం రాజ్యంలోకి విస్తరిస్తున్న రోజుల్లో, 1889లో, అబ్రహాం ఫ్రీజన్, మరియా దంపతులు భారతదేశానికి వచ్చి మరుసటి ఏడు నల్లగొండలో స్థిరపడ్డారు. వారు వచ్చింది అమెరికా నుంచి కాదు, రష్యా సామ్రాజ్యం నుంచి. యుద్ధసేవ చేయబోమన్న మెన్నొనైట్లు ఐరోపాలో ఒకచోట నిలవలేక, 18వ శతాబ్దం చివర నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న మైదానాలకు, అంటే నేటి ఉక్రెయిన్‌కు, వలసపోయారు. అక్కడి మొలోచ్నా స్థావరంలో 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ పుట్టింది. గోధుమ పండించి సంపన్నులైన ఆ రైతులు పంపిన రూబుళ్లతో నల్లగొండలో మిషన్ బంగళా, బడి, ఆసుపత్రి వెలిశాయి. కార్నేలియస్ ఉన్రూ నల్లగొండలో, జాన్ పెన్నర్ మహబూబ్‌నగర్‌లో పనిచేశారు. అమెరికాకు వలసవెళ్లిన మెన్నొనైట్ బ్రదరెన్ వారు 1899లో వేరుగా హైదరాబాద్ చేరి, మలక్‌పేట నుంచి క్రమంగా నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల, గద్వాల వైపు విస్తరించారు. 1937లో మహబూబ్‌నగర్ కేంద్రం కూడా బాప్టిస్టుల నుంచి వారి చేతికి వచ్చింది.

ఇంతవరకు ఇది దాతల చరిత్రే. 1914లో మొదలైన ప్రపంచయుద్ధం, 1917 విప్లవం, ఆ వెంటనే వచ్చిన అంతర్యుద్ధం దాన్ని తలకిందులు చేశాయి. నల్లగొండకు డబ్బు పంపిన రైతుల ధాన్యం సైన్యాల పాలైంది, గుర్రాలు పోయాయి, 1921-22లో కరువు వచ్చింది. నల్లగొండలో ఆసుపత్రి కట్టించిన ఊళ్లు అన్నానికి చేయి చాచవలసిన స్థితికి దిగజారాయి. వారిని ఆదుకోవడానికే 1920లో అమెరికాలోని మెన్నొనైట్లు తమలోని చీలికలను పక్కనబెట్టి మెన్నొనైట్ సెంట్రల్ కమిటీని, పొట్టిపేరున ఎం.సి.సి.ని, స్థాపించారు. 1922లో ఆ కమిటీ వంటశాలలు రోజుకు దాదాపు 25 వేలమందికి భోజనం పెట్టాయి. దున్నడానికి పశువులు లేవని గ్రహించి, అదే సంవత్సరం 50 ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లను ఓడలమీద పంపారు. విపత్తు సహాయానికీ అభివృద్ధికీ మధ్య గల సంబంధం ఈ ఒక్క సంఘటనలో స్పష్టమవుతుంది. ఈ పూట ఆకలి తీరాక వచ్చే ఏటి పంట మాటేమిటన్న ప్రశ్న వేసినవారే రెండో పని మొదలుపెట్టగలిగారు. పెట్టిన చేయి కొద్ది దశాబ్దాల్లోనే పుచ్చుకున్న చేయి అయినందువల్ల, ఆ సమాజంలో సహాయం అహంకారానికి దారితీయడం కొంతైనా తగ్గింది. ఆపద అందరికీ వస్తుందన్న ఎరుకే ఆ సంస్థకు పుట్టుక.

దక్షిణ తెలంగాణలో ఈ కాలపు పనిలో ఎక్కువసేపు ఆగి చూడవలసింది వైద్యం. డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, చివరకు శంషాబాద్ ఆసుపత్రిలో స్థిరపడి, 1945లో అక్కడే కన్నుమూశారు. స్త్రీలు పురుష వైద్యుని దగ్గరకు రాని రోజుల్లో ఒక స్త్రీ వైద్యురాలుగా ఉండడం వల్ల కలిగిన మేలు ఎంతటిదో ఆనాటి ప్రసూతి మరణాలు తెలిసినవారికి వివరించనక్కరలేదు. ఆనాటి మిషన్ ఆసుపత్రి అంటే రోగి ఒక్కతే వచ్చే చోటు కాదు. బండి కట్టుకొని అత్త, తల్లి, చంటిపిల్లలు, జొన్నపిండి మూట, వంటకుండ సహా వచ్చేవారు. ఆవరణలో చెట్టుకింద మూడు రాళ్లు పెట్టి వండుకొనేవారు. కులం పేరిట ఊళ్లో ఒకే బావి నీళ్లు తాగని కుటుంబాలు ఇక్కడ పక్కపక్కన పొయ్యిలు రాజేయవలసి వచ్చేది. మొదట్లో మధ్యన దూరం పాటించినా, కాన్పు కష్టమైన రాత్రి నిప్పు అడగడానికి ఆ దూరం దాటక తప్పేది కాదు. దళిత కుటుంబాల్లో పుట్టి మిషన్ బడిలో చదివిన అమ్మాయిలు నర్సులుగా శిక్షణ పొంది, కొన్నేళ్లకు ఆ ఆవరణలోనే అన్ని కులాల స్త్రీలకు పురుడు పోశారు. పుచ్చుకున్న చేయి ఇచ్చే చేయిగా మారడానికి తెలుగునేలపై ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ వెదకనక్కరలేదు. 1950ల్లో జడ్చర్లలో పెరిగిన ఎం.బి. వైద్యకేంద్రం ఈ సంప్రదాయానికి కొనసాగింపు.

అయితే ఇదే దశాబ్దాల్లో ఇదే జిల్లాల్లో మరొక ప్రజాసంఘం లేచింది. ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం 1931లో దేవరకొండలో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది; అయిదవది 1936లో షాద్‌నగర్‌లో. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన నల్లగొండ జిల్లా చిలుకూరులో కూడిన మహాసభ, 1944లో భువనగిరి మహాసభ దాన్ని భాషాసాంస్కృతిక సంఘం స్థాయినుంచి వెట్టిని, భూస్వామ్యాన్ని ఎదిరించే రైతుసంఘంగా మార్చాయి. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఆ పోరాటం సాయుధమైంది. మిషన్ కేంద్రం, మహాసభ వేదిక ఒకే దేవరకొండలో ఉండికూడా ఈ రెండు ధారలు సంగమించకపోవడం ఈ ప్రాంతచరిత్రలో పెద్ద లోటు. మిషన్ బడి దళిత బాలునికి అక్షరం ఇచ్చింది, భూమి మాట ఎత్తలేదు. మహాసభ భూమి మాట ఎత్తింది, కాని దళితవాడకు దాని కార్యకర్త చేరడానికి చాలాకాలం పట్టింది.

శాంతి అనే పదాన్ని ఈ నేపథ్యంలో నిలిపి చూడాలి. ఐరోపాలో మెన్నొనైటుకు శాంతి అంటే రాజు పిలిచినా సైన్యంలో చేరకపోవడం. వెట్టి చేసే పాలమూరు కూలికి అటువంటి పిలుపే రాలేదు. వచ్చింది దొర కోట అయిన గడీ నుంచి పిలుపు. గడీ పిలుపును నిరాకరించే ధైర్యం ఇవ్వని శాంతిబోధ అతనికి అక్కరకు వచ్చేది కాదు. ఈ వ్యత్యాసాన్ని తొలితరం మిషనరీలు తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో శాంతికి మరొక అర్థం వెలువడింది. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకొని కాలినడకన వచ్చిన వినోబా భావేను, బతకడానికి 80 ఎకరాలు కావాలని ఆ ఊరి దళితులు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం తరువాత ఎంతవరకు నెరవేరింది, దానమైన భూముల్లో ఎన్ని సాగుకు పనికివచ్చాయి అన్నవి న్యాయమైన ప్రశ్నలే. ఆ ప్రశ్నలకు అతీతంగా ఒక సత్యం మిగులుతుంది. తుపాకులు పేలుతున్న జిల్లాలో శాంతి ఎలా సాధ్యమని అడిగితే, ఆ ఊరి దళితులు ఎకరాల్లో సమాధానం చెప్పారు. ఈ ప్రాంతంలో శాంతికోసం పనిచేసే ఏ సమాఖ్యకైనా అదే మొదటి పాఠం కావాలి.

బయటి ప్రపంచంలో మొదలైన వలయం ఈలోగా భారతదేశంలో పూర్తయింది. ఉక్రెయిన్ ఆపదలో పుట్టిన ఎం.సి.సి. 1942లో ఇక్కడ పని ప్రారంభించి, మరుసటి ఏటి బెంగాల్ కరువులో కలకత్తా కేంద్రంగా సహాయం అందించింది. స్వాతంత్ర్యం తరువాత విదేశీ మిషన్లు బాధ్యతలను స్థానిక సంఘాలకు అప్పగించే కాలం వచ్చింది. అప్పటికి దేశంలోని మెన్నొనైట్ సంఘాలు ఒక్కొక్కటి ఒక్కొక్క విదేశీ మిషన్ వేలు పట్టుకొని నడిచినవే. నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న ధమ్తరిలోని సంఘానికి మహబూబ్‌నగర్ సంఘం కన్నా అమెరికాలోని కార్యాలయమే దగ్గర. 1963 సమాఖ్య ఈ వంకర గీతను సరిచేసింది. భారతీయ సంఘాలు తమలో తాము మాట్లాడుకొనే వేదిక, ఆపదలో ఒకరికొకరు నిలిచే వ్యవస్థ ఏర్పడింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంవల్ల దాదాపు కోటిమంది కాందిశీకులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు ఎం.సి.సి.తో కలిసి ఈ సమాఖ్య సహాయానికి పూనుకొంది. ఒకనాటి సహాయపాత్రులు విపత్తులో సేవకులుగా నిలవడం దాని సారాంశం. ప్రపంచ మెన్నొనైట్ మహాసభ 1997 జనవరిలో కలకత్తాలో జరగడం ఆ ఎదుగుదలకు లభించిన గుర్తింపు.

అభివృద్ధి విషయానికి వస్తే, ఈ ప్రాంతపు అసలు ఎగుమతి మనిషి శ్రమ. దేశంలో పెద్ద ఆనకట్ట, కాలువ, రహదారి ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ అన్న మాట వినపడింది. గుంపుమేస్త్రీ పండుగ ముందు ఊళ్లోకి వచ్చి భార్యాభర్తల జంటకు ఇంతని అడ్వాన్సు ఇస్తాడు. ఆ సొమ్ము పాత అప్పుకో, పెళ్లికో, ఆసుపత్రికో వెళ్లిపోతుంది. తరువాత నెలల తరబడి పని ఆ సొమ్ము తీర్చడానికే సరిపోతుంది. తాళం వేసిన ఇళ్ల ముందు ముసలివారు, బడిమానిన పిల్లలు మిగులుతారు. చట్టరీత్యా వెట్టి 1976లో రద్దయినా, అడ్వాన్సు రూపంలో అదే బంధం కొనసాగిందని ఈ పద్ధతిని దగ్గరగా చూసినవారు అంగీకరిస్తారు. నల్లగొండ వైపు మరొక కష్టం. భూగర్భజలంలోని ఫ్లోరైడు ఎముకలను వంచి, నడివయసుకే నడుము నిలవనీయలేదు. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే గృహపద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. ఆ పద్ధతి సులభమే, కాని రోజూ చేయాలి. పటిక సరఫరా ఆగిన నెల బకెట్టు మూలకు చేరింది. ఉపకరణం ఇచ్చి వెళ్లిపోయే సంస్థకూ ఊళ్లో ఉండిపోయే సంఘానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

2009 అక్టోబరు 2న కృష్ణ, తుంగభద్ర ఒకేసారి పొంగి అలంపూర్ ప్రాంతాన్ని ముంచిన వరద కూడా ఇదే చెప్పింది. ఏళ్లతరబడి కరువుకు ప్రసిద్ధికెక్కిన జిల్లాలో ఊళ్లకు ఊళ్లు నీటిపాలయ్యాయి. రాజోలి చేనేత పనివారి ఇళ్లలో మగ్గం గుంటలు బురదతో నిండాయి. బియ్యం బస్తా కొన్నాళ్లు ఆకలి తీర్చగలదు. గుంటలోని బురద తోడి, నేల ఆరనిచ్చి, నానిపోయిన పడుగు తీసివేసి, కొత్త నూలు అప్పుగా తెచ్చుకొని, మగ్గం మళ్లీ కూర్చుకునేదాకా ఆ ఇంటికి కూలి లేదు. వారాలు సాగే ఆ పనిలో సహాయపడేవారు పక్క ఊళ్లవారే కావాలి. 1922లో ట్రాక్టరు ఏ పని చేసిందో 2009లో నూలుకండె అదే పని చేయవలసి ఉండింది.

మహబూబ్‌నగర్ గురించి విద్వాంసులు రాయకపోలేదు. శంషాబాద్‌లో 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ మానవశాస్త్రవేత్తగా మారి, 1971లో దక్షిణ తెలంగాణ గ్రామజీవితంపై ‘కొండూరు’ అనే గ్రంథం వెలువరించాడు. పాల్ వీబ్ 1988లో మహబూబ్‌నగర్ మెన్నొనైట్లపై ప్రత్యేక గ్రంథం రాశాడు. ఇద్దరి కృషీ గౌరవనీయమే. కాని ఈ సమాజం తన చరిత్రను తన భాషలో, లోపలినుంచి, ఇంకా సమగ్రంగా రాసుకోలేదు. గ్రామసంఘాల బాప్తిస్మ పుస్తకాలు, బడి హాజరుపట్టీలు, ఆసుపత్రి కాన్పుల రిజిస్టర్లు చెదలు పట్టకముందే నకలు తీసి భద్రపరచకపోతే ఈ సభ ఎవరి స్మృతికి అంకితమైందో వారి పేర్లు శాశ్వతంగా పోతాయి.

సమాఖ్య ముందున్న తక్షణ కర్తవ్యం మాత్రం వలసతో ముడిపడి ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు నిర్మాణ స్థలాల్లో చిక్కుకుపోయిన కూలీలకు మొదట అక్కరకు వచ్చింది ఫోన్‌లో ఉన్న తెలిసినవారి నంబరు. ముంబయిలో పాలమూరు వలసకూలీల కుటుంబాలు కట్టుకున్న తెలుగు సంఘాలు దశాబ్దాలుగా ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలోనూ ఉన్నాయి. ఏ ఊరివారు ఏ మేస్త్రీ కింద ఏ నగరంలో ఉన్నారో తెలిపే జాబితా ప్రతి గ్రామసంఘం దగ్గరా ఉండి, ఆ నగరంలోని సంఘానికి ఏటా దసరా తరువాత చేరితే, పిల్లల బడి నుంచి కూలి బకాయి దాకా అడగడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు. ఆ జాబితాలో మతంతో, కులంతో నిమిత్తం లేకుండా ఊరందరి పేర్లూ ఉండాలి. ఈ పనికి విదేశీ నిధులు అక్కరలేదు. ప్రతి ఊళ్లో చదువుకున్న ఒక యువతి, ఒక నోటుపుస్తకం, ఏటా రెండు వారాల తీరిక ఉంటే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.